నాన్న ఫోన్‌లో ప్రకటనలు

మా నాన్నకు వచ్చింది క్యాన్సర్ అని ఇంట్లో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. గుంటూరులో డాక్టరుగారు రిపోర్టు తెరిచే ముందు నాన్నను బయట కుర్చీలో కూర్చోబెట్టమని చెప్పి, అమ్మనూ నన్నూ లోపలికి పిలిచారు. మా వైపు అంతే. జబ్బు ఒకరిది, దాని పేరు మిగతావాళ్లది. బయటికి రాగానే అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "పేగులో పుండంట. మందులేస్తే మానుద్దంట" అంది. ఆసుపత్రి బోర్డు ఇంగ్లీషులో ఉండటం మాకు కలిసొచ్చింది. తెలుగైతే నాన్న పేపర్లో చిన్నక్షరాలు కూడా వదలడు.

వైద్యం కోసం వాళ్లిద్దరూ గురజాల పక్కన ఊరు వదిలి నరసరావుపేటలో మా ఇంటికి వచ్చారు. నేనిక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. ఖాళీ పీరియడ్ దొరికితే చాలు, స్టాఫ్ రూంలో మూలన కూర్చుని ఫోన్‌లో వెదికేదాన్ని. పేగు క్యాన్సర్‌కు ఏం తినిపించాలి, జుట్టు ఊడుతుందా, ఎంతకాలం బతు... ఆ మాట పూర్తి చేయడానికి వేళ్లు వచ్చేవి కావు. మిగతాది ఫోనే పూరించేది. ఏ సైటు తెరిచినా సగం తెర కప్పేసి కుకీలకు ఒప్పుకుంటారా అని అడిగేది. కుకీ అంటే బిస్కెట్టని మాత్రమే తెలిసిన నేను, చదవకుండానే ఒప్పుకుంటున్నానని నొక్కేదాన్ని. ప్రశ్న చదవకుండా జవాబు రాసే పిల్లల మీద మాత్రం అంతెత్తున లేస్తాను.

ఒక సాయంత్రం నాన్న ఫోన్‌లో మిర్చి ధరలు చూస్తూ నన్ను కేకేశాడు.

"ఏందమ్మా ఇది? మిరగాయల కింద ఆసుపత్రోళ్లు వచ్చారు?"

చూద్దును కదా, తెలుగులో ఇంతింత అక్షరాలు. పేగు క్యాన్సర్ గురించి భయమా, మమ్మల్ని సంప్రదించండి అని ఒక ప్రకటన. "అందరికీ వస్తాయిలే నాన్నా, చెత్త" అంటూ వేలితో పైకి నెట్టేశాను. ఆయన "ఊఁ" అని ఊరుకున్నాడు. ఆ ఊఁ ఏమిటో తెలియక నాకు అన్నం సహించలేదు.

ఆ రోజు నుంచి ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుంటే నేనూ పక్కన చేరేదాన్ని. మంచినీళ్లు ఇచ్చే నెపంతో భుజం మీదుగా తొంగిచూసేదాన్ని. "దాన్ని నీళ్ల బకెట్లో పడెయ్యవే, పీడా పోద్ది" అని అమ్మ నా చెవిలో గొణిగేది. ఆ పేరు తెలిస్తే నాన్న మంచం దిగడని మా ఇద్దరి భయం.

ఆఖరికి మా స్కూల్లో కంప్యూటర్లు చెప్పే సార్‌ని అడిగాను. నేను వెదికింది నాన్నకెలా కనబడుతోందని.

"కుకీ అంటే మీరు చూసిన సైటు మీ ఫోన్‌లో వదిలిపెట్టే గుర్తు మేడం. కొట్లో చీర చూసి కొనకుండా బయటికొస్తే, మీరు కూరగాయల బజారుకి పోయినా ఎవడో ఒకడు అదే చీర పట్టుకుని ఎదురొస్తే ఎట్టా ఉంటది? ప్రకటనలోళ్లు ఆ గుర్తు పట్టుకునే వస్తారు. సరే, మీ నాన్నగారి ఫోన్ ఎవరి మెయిల్‌తో తెరిచారు?"

"నాదే. ఆయనకు మెయిల్ ఎందుకని..."

సార్ నవ్వాడు. నవ్వడూ మరి! మా ఇళ్లలో ఎవరు కొత్త ఫోన్ కొన్నా చదువుకున్నవాళ్ల మెయిల్ తగిలించేయడమే. నాన్న తీసిన పొలం ఫొటోలు నా ఫోన్‌లోకి వస్తే ముచ్చటపడ్డాను గానీ, నా వెతుకులాట ఆయన దగ్గరికి నడిచిపోతుందని తట్టలేదు. సార్ చెప్పినట్టే నాన్నకు వేరే మెయిల్ పెట్టి, ఆ ఫోన్‌లో కుకీలన్నీ తుడిచేశాను. "ఇకనుంచి ఎక్కువగా ఆయన చూసినయ్యే ఆయనకొస్తాయి" అన్నాడు సార్.

నిజమే. విత్తనాలు, పురుగుమందులు, డ్రిప్ పైపులు. వాటిని చూసి నేను పడ్డ సంతోషం ఆ కంపెనీలవాళ్లు కూడా పడి ఉండరు.

తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి నాన్న స్నానానికి వెళ్లాడు. రీచార్జి చేద్దామని ఆయన ఫోన్ తీశాను. తెర మీద నల్ల గ్రానైట్ సమాధి రాళ్లు. శిలువ, పేరు చెక్కి మీ ఊరికే తెచ్చి ఇస్తామని రాసుంది. కిందికి జరిపితే ఇంకొకటి, దానికి పాలరాతి అంచు. నేను వెదికానా? లేదు, కలలో కూడా లేదు. అమ్మకు ఫోన్ పట్టుకోవడమే రాదు. ఆయన చూసినవే ఆయనకొస్తాయన్న సార్ మాట గుర్తొచ్చింది. గడప మీద కూలబడ్డాను.

నాన్న తల తుడుచుకుంటూ వచ్చి నా చేతిలో ఫోన్ చూశాడు, నా మొహం చూశాడు. వంటింటి వైపు ఒకసారి తొంగిచూసి పక్కన కూర్చున్నాడు.

"ఎప్పుడు తెలిసింది నాన్నా?"

"బయట కూసోబెట్టిన్రోజే. పుండైతే నన్నెందుకు బయట కూసోబెడతారే?" గొంతు ఇంకా తగ్గించాడు. "మీ అమ్మకు చెప్పమాక. డాక్టరు ఇంగ్లీషు దానికేం అర్థమైద్ది, పుండనే అనుకుంటంది. తెలిస్తే చానా భయపడుద్ది."

వంటింట్లో అమ్మ పులుసు కలుపుతోంది.

"వెల కనుక్కుందామని ఒక్కసారి నొక్కా. అప్పటినించీ ఏది తెరిచినా ఈ రాళ్లే. మీ అమ్మకు చదవను రాకపోయినా శిలవ బొమ్మ తెలవదా? వీటిని తుడిచేసేది నాకు నేర్పు."

నేర్పాను. ఇక్కడ నొక్కు, ఇది తుడువు, ఇప్పుడు ఒప్పుకో. ఫోన్ ఆయనే తీసుకుని నొక్కాడు. రాళ్లు పోయాయి. ఇంకోసారి మొదటినుంచీ చెప్పించుకుని, తనంతట తాను చేసి చూపించాడు.

ఇప్పుడు ఆయన ఫోన్ ఎవరు తీసినా భయం లేదు. మొన్న పొద్దున వరండాలో కూర్చుని చాలాసేపు ఏదో చదివాడు. మధ్యలో కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చదవడం అయ్యాక, నేను నేర్పినట్టే, అంతా తుడిచేశాడు. తలెత్తి నన్ను చూసి నవ్వాడు. ఏం చదివావు నాన్నా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.