మంచు తుఫాను రోజు అంకెలు

ఖరగ్‌పూర్ రైల్వే బడిలో సైన్సు చెబుతున్న నన్ను ఆ వేసవి సెలవుల్లో కొందరు శాస్త్రవేత్తలు హిమాలయాలకు తీసుకెళ్లారు. వాళ్లు మంచునదిని కొలుస్తుంటే, నేను రోజుకు మూడుసార్లు ఉష్ణోగ్రత చూసి పట్టికలో రాయాలి. తుఫాను రేగిన రోజు గుడారం దాటలేకపోయాను. ముందురోజు, మర్నాటి అంకెలకు సగటు కట్టి ఆ మూడు గడులూ నింపేశాను. "ఒక్క గడీ ఖాళీ లేదు మాస్టారూ!" అని వాళ్లు మెచ్చుకుంటే పట్టిక వాళ్ల చేతికిచ్చేశాను.

ఇంటికొచ్చాక, వర్క్‌షాపులో ఫిట్టరైన నాన్నకు చెప్పాను.

"దానికేటి బాధరా? గడి ఖాళీగా ఒగ్గేస్తే మెమో రాదేటి? మా రిజిస్టర్లూ అలాగే నింపుతాం."

బడిలో చేరకముందు అప్రెంటిస్‌గా నేనూ ఆ వర్క్‌షాపులోనే నేర్చిన అలవాటది. ఆ మూడూ చూసి రాసినవి కావు, కొట్టేయమని శాస్త్రవేత్తలకు ఉత్తరం రాశాను. పోస్టు డబ్బాలో వేశాక తోచింది: ఇక మిగతా అంకెల్ని మాత్రం ఎందుకు నమ్ముతారు?