గొంగడి ముక్కకు కాపలా

2023 డిసెంబరు. నరసరావుపేటలో నేను పశువుల క్లినిక్ పెట్టి అప్పటికి పందొమ్మిదేళ్లు. గేదెలు, గొర్రెలే నాకు ఎక్కువ. కుక్కలు ఈమధ్యే పెరిగాయి. బల్ల మీదికి వచ్చే ప్రతి ప్రాణినీ సృష్టికర్త నాకు అప్పగించినదిగా చూసే మనసివ్వమని ప్రార్థించుకున్నాకే రోజూ పని మొదలుపెడతాను. మా చర్చిలో సంఘ పెద్దను కాబట్టి ఆదివారాలు వాక్యం కూడా చెబుతుంటాను.

ఒక మధ్యాహ్నం హైదరాబాదు నుంచి అంజమ్మ ఫోన్ చేసింది. కారంపూడి దగ్గర గొర్రెలు మేపిన ఏడుకొండలు కూతురు. హైదరాబాదులోనే ఒక ఆసుపత్రిలో నర్సు. మోకాళ్లు అరిగిపోయి ఏడుకొండలు మంద అమ్మేశాడు. కొన్నవాళ్లకు సొంత కుక్కలు ఉండడంతో మంద వెంట తిరిగిన కుక్క నల్లిగాడిని ఈ అమ్మాయి తనతో తీసుకుపోయింది. పిల్లప్పటి నుంచి వాడికి టీకాలు వేసింది నేనే.

"డాక్టర్‌గారూ, నేను డ్యూటీకి పోతే చాలు, ఇల్లు ఎగిరిపోయేట్టు ఒకటే ఏడుపంట. ఓనరమ్మ నెలాఖరు దాకా టైమిచ్చింది. ఆ తర్వాత కుక్క ఉండకూడదంట."

"తిప్పుతున్నావా అమ్మాయ్?"

"తాడేసి సందులో రెండు రౌండ్లు. ఆ నడక వీడికి ఏ మూలకి? పొద్దస్తమానం అడివంతా తిరిగినోడాయె. ఇక్కడ తాడిప్పి వదిలే పార్కులున్నయ్యంట. ఏది మంచిదో మీరే చెప్పండి. నాయన కూడా మీ మాటే వినమన్నాడు."

ఆ వారాంతంలోనే మా సంఘాల కూటాలకు నేను హైదరాబాదు వెళ్లాల్సి ఉంది. వచ్చి చూసి చెబుతానన్నాను. పార్కు ఎంపికలో ఏమేం చూడాలో నాకు బాగా తెలుసు.

శనివారం సాయంత్రం, అంజమ్మ ఇంటికి దగ్గరగా ఉన్న పార్కుకు ఇద్దరమే వెళ్లాం. ఒకటే గేటు. లోపలికి వచ్చే కుక్కను అక్కడే పది కుక్కలు చుట్టుముడుతున్నాయి. అందరికీ ఒకటే నీళ్ల తొట్టి, అందులో పాచి. మనుషులేమో ఫోన్లలో ఉన్నారు.

"దగ్గరని ఇక్కడికి తెచ్చావనుకో, గొడవ కొనుక్కున్నట్టే," అన్నాను.

రెండోది ఊరి చివర ఉంది. అక్కడికి ఆదివారం పొద్దున్నే, ఆరాధనకు ముందు బయల్దేరాం. అంజమ్మ స్కూటీ మీద, నేనూ నల్లిగాడూ ఆటోలో. చూడగానే నాకు నచ్చింది. అక్కడ డబుల్ గేట్ ఉంది. అంటే మొదటి తలుపు మూశాక గానీ రెండోది తెరవరు. ఏ కుక్కా రోడ్డు మీదికి జారిపోదు. చిన్నజాతి కుక్కలకు వేరే కంచె. వ్యాక్సిన్ కార్డు చూడందే కాపలాదారు లోపలికి రానివ్వడు. పరుగుకు చోటుంది, నీడ ఉంది.

"ఇదే. ఇంకెక్కడా వెతకబాకు," అన్నాను గట్టిగా.

అంజమ్మ చెట్టు కింద ఒక గొంగడి ముక్క పరిచి, దాని మీద టిఫిన్ సంచి పెట్టింది. నల్లిగాడి తాడిప్పింది. వాడు పరిగెత్తలేదు. గొంగడి పక్కన కూర్చున్నాడు. ఎవరిదో లాబ్రడార్ తోకాడిస్తూ దగ్గరికి వచ్చింది. వాడు ఒక్కసారిగా లేచి దాని మీద పడ్డాడు. పళ్లు దిగలేదు గానీ దాని అరుపుకు పార్కంతా ఇటు తిరిగింది.

"ఏమమ్మా, కుక్కనా పులా అది?" అన్నాడు దాని యజమాని.

"మీదే వచ్చి సంచిలో మూతి పెట్టబోయింది!" అంది అంజమ్మ.

కాపలాదారు వచ్చాడు. "ఇంకోపారి గిట్లయితే లోపలికి రానియ్యనమ్మా."

అంజమ్మ నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి. "ఇక్కడ కూడా కాదంటే వీణ్ని యాడ వదలను సారూ? రోడ్డు మీదనా?"

మంద కుక్కకు పట్నం కుక్కలతో పొసగదేమో, మూతికి బుట్ట కట్టాలేమో అని ఆలోచిస్తున్నాను. ఇంతలో ఆమె సంచి భుజాన వేసుకుని గొంగడి మడిచి చంకలో పెట్టుకుంది. అంతే, నల్లిగాడి మెడ మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు దిగాయి. నేరుగా వెళ్లి అదే లాబ్రడార్‌ను వాసన చూసి తోక ఊపాడు.

"అంజమ్మా, ఆ గొంగడి ఎక్కడిది?"

"నాయనదే. కొత్త చోటు గదా, వాసన తెలిస్తే భయపడడని ముక్క కోసుకొచ్చా."

"మీ నాయన దాన్ని ఏం చేసేవాడు?"

"గట్టు మీద పరిచి సద్ది మూట పెట్టి మంద వెనకాల పోయేవాడు. మళ్లీ వచ్చి గొంగడి ఎత్తిందాకా వీడు అక్కణ్నుంచి కదిలేవాడు గాదు. నన్ను గూడా ముట్టనిచ్చేవాడు గాదు, సచ్చినోడు!" అంటూనే ఆగిపోయింది. "అయ్యో... నేనే వీణ్ని పనిలో పెట్టానా?"

తిండినీ వస్తువునీ కాచుకునే ఈ గుణాన్ని మా వాళ్లు రిసోర్స్ గార్డింగ్ అంటారు. మామూలుగా దాన్ని జబ్బులా చూసి మానిపిస్తాం. నల్లిగాడికి మాత్రం అది ఉద్యోగం.

గొంగడి, సంచి స్కూటీ సీటు కింద పెట్టి రమ్మన్నాను. కాపలాదారును బతిమాలాను. "ఇంకొక్కసారి చూడు తమ్ముడూ. పూచీ నాది." రెండు తలుపులూ దాటి వట్టి చేతులతో లోపలికొచ్చాం. కాపలా కాయడానికి ఏమీ కనిపించక నల్లిగాడు కాసేపు అంజమ్మ చుట్టూ తిరిగాడు. తర్వాత పరుగందుకున్నాడు. కంచె వెంట చెవులు వెనక్కి పెట్టి, నాలుక బయటపెట్టి, లాబ్రడార్ వెంట పడుతూ, దాన్ని తన వెంట పడనిస్తూ. అంజమ్మ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది. ఆ పూట అలిసి సాయంత్రం దాకా నిద్రపోయాడట. డ్యూటీ లేని పూటలన్నీ అక్కడికే తీసుకెళ్లింది. ఏడుపు తగ్గింది. నెలాఖరుకు ఓనరమ్మ కుక్క ఊసే ఎత్తలేదట.

ఆ ఆదివారం ఆరాధనలో నా మనసు ఒక్కచోటే నిలిచింది. విశ్రాంతి దినాన్ని ఆజ్ఞాపించిన దేవుడు ఇంటి యజమానితో ఆగలేదు. దాసుణ్నీ, పశువునీ పేరుపేరునా కలిపాడు. ఆ మాట మీద నేను ఎన్నోసార్లు బోధించాను. పశువుకు విశ్రాంతి అంటే కాడి దించడమేనని అనుకున్నాను. కాడి కొన్నిసార్లు మెడ మీద కనపడదు. దాన్ని వెతికి దించడం వైద్యుడి పని. ఇప్పుడు ఏ కుక్కను తెచ్చినా జ్వరం చూడకముందే యజమానిని ఒకటి అడుగుతాను: "మీ ఇంట్లో దీనికి ఏం పని అప్పజెప్పారు?" చానామంది నవ్వి, ఏం పనీ లేదంటారు. నేను మళ్లీ అడుగుతాను.