తూర్పుకి తిరగమన్నదెవరు?

నమ్మకపోతే మానేయండి. కానీ మధ్యలో నవ్వారంటే అక్కడితో ఆపేస్తాను. మా గుణదల మేరీమాత మీద ఒట్టు, జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. దయ్యాలూ భూతాలూ అంటే నాకు చిరాకు. అలాంటి కథలు చెప్పేవాళ్ళని నేనే ఏడిపించేవాణ్ణి.

డెబ్బైల చివర్లో సంగతి. బంగాళాఖాతంలో వాయుగుండాలు ఎలా పుడతాయో చూడడానికి రెండు పరిశోధన విమానాలు తిరిగేవి. కిందనుంచి వాటితో రేడియోలో మాట్లాడడం నా పని. గన్నవరంలో విమానాలు దిగేచోట ఒక రేకుల షెడ్డు, ఒక రేడియో సెట్టు, ఆటోనగర్‌లో బాగుచేయించి తెచ్చిన జనరేటరు... అంతే మా ఆఫీసు. ఏ విమానం ఎటు వెళ్ళాలో నిర్ణయించేది శ్యామల గారు, వాతావరణ శాస్త్రవేత్త. ఆవిడ చెప్పింది నేను పైకి పంపాలి.

పెద్ద విమానం బాగా ఎత్తున ఎగురుతూ, గాలినీ తేమనీ కొలిచే పరికరాలని చిన్న చిన్న పారాచూట్లతో కిందికి వదిలేది. చిన్న విమానం మబ్బుల కింద, సముద్రానికి దగ్గరగా తిరిగేది. ఆ చిన్నదాంట్లో రేడియో దగ్గర కూర్చునేది మా బావ జోసెఫ్. అక్కకి అప్పుడు ఏడో నెల. ఆ పొద్దున బావ బయల్దేరుతుంటే అక్క నాతో, "తమ్ముడూ, ఆయన్ని క్షేమంగా దింపే పూచీ నీదేరా" అంది. బావ ఊరుకుంటాడా! "వీడి చేతిలో పెడుతున్నావా నన్ను? సైకిలే సరిగ్గా తొక్కలేడు వీడు!" అన్నాడు.

పైనుంచి పరికరం వదిలేముందు కింది విమానాన్ని పక్కకి తప్పించాలి. దానికో పద్ధతుంది. నేను మాట చెబుతాను. బావ అదే మాట తిరిగి అప్పజెబుతాడు. సరిగ్గా ఉంటే నేను "కరెక్ట్" అంటాను. అప్పుడే విమానం తిరుగుతుంది. పొద్దస్తమానం ఇదే పని కాబట్టి, అప్పజెప్పడం వినపడగానే నా నోటికి "కరెక్ట్" వచ్చేస్తుంది. మాటలన్నీ ఇంగ్లీషులోనే అనుకోండి, మీకు తెలుగులో చెబుతున్నాను.

ఆ రోజు చీకటి పడింది. గన్నవరంలో వాన లేదు. గాలికి వదులైన రేకు ఒకటి కొట్టుకుంటోంది... టక్... టక్... శ్యామల గారు మ్యాపు మీద పెన్సిలు పెట్టి, "జోసెఫ్ గారి విమానాన్ని పడమరకి తిరగమనండి. ఎత్తు మార్చొద్దనండి" అన్నారు.

"సరేనండీ" అని మైకు అందుకున్నాను. బటన్ మీద వేలు పెట్టాను. నొక్కలేదు. ఇది గుర్తుపెట్టుకోండి... ఇంకా నొక్కలేదు.

స్పీకర్లో గరగర ఆగిపోయింది.

ఎప్పుడూ ఆగదది. ఎవరూ మాట్లాడకపోయినా ఏదో ఒక గోల ఉంటూనే ఉంటుంది. అలాంటిది ఒక్కసారిగా... ఏమీ లేదు. బయట జనరేటరు చప్పుడు కూడా ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. అప్పుడు వచ్చింది బావ గొంతు. నింపాదిగా... అప్పజెబుతూ...

"తూర్పుకి తిరుగుతున్నాం... ఎనిమిది వేల అడుగులకి ఎక్కుతున్నాం..."

అలవాటు చొప్పున బటన్ నొక్కేశాను. "కరెక్ట్" అన్నాను.

గరగర మళ్ళీ మొదలైంది.

శ్యామల గారు తలెత్తి చూశారు. "ఏం కరెక్టండీ? నేను పడమర అన్నాను కదా! తూర్పని ఎందుకు చెప్పారు?"

"నేనింకా ఏమీ చెప్పలేదండీ..."

ఆవిడ చటుక్కున, "ముందు పైవాళ్ళని ఏమీ వదలొద్దనండి!" అన్నారు. అది చెప్పాను. తర్వాత బావని పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను... గరగర తప్ప ఏమీ లేదు. ఇంటికి వెళ్ళి అక్కకి ఏమని చెప్పాలి?

కాసేపటికి పెద్ద విమానం పలికింది. "పడమటి పక్క మబ్బు ఒక్కసారిగా లేచింది. లోపలంతా మెరుపులే. చిన్న విమానాన్ని అటు పంపకండి."

శ్యామల గారి చేతిలో పెన్సిలు ఇంకా ఆ పడమర మీదే ఉంది.

బావ వాళ్ళ రేడియో మళ్ళీ పలకలేదు. కానీ విమానం వచ్చింది. ఆ మబ్బుని చుట్టి వచ్చి, మా కళ్ళముందే దిగింది. బావ దిగీదిగగానే నా భుజం పట్టుకున్నాడు.

"బతికించావోయ్ బావమరిదీ! నువ్వు తూర్పు అనకపోతే పోయేవాళ్ళం."

"నేను చెప్పలేదు బావా."

"ఊరుకోవోయ్, నీ గొంతు నాకు తెలీదా? రెండుసార్లు చెప్పావు. పైలట్ గారూ విన్నారు. కావాలంటే అడుగు."

పైలట్ గారు అవునన్నారు. పెద్ద విమానం వాళ్ళని అడిగితే, బావ అప్పజెప్పడం విన్నామన్నారు, నా "కరెక్ట్" విన్నామన్నారు. అంతకుముందు మాత్రం ఏమీ వినపడలేదట. "తుఫాను గాలుల్లో రేడియో చిత్రమైన వేషాలు వేస్తుందండీ, ఎక్కడి మాటో వచ్చి పడుంటుంది" అన్నారు శ్యామల గారు. అయ్యుండొచ్చు. మరి నా గొంతు ఎలా వచ్చింది?

అక్కకి కొడుకు పుట్టాడు. వాడికి నా పేరే పెట్టారు. ఇప్పటికీ క్రిస్మస్‌కి వెళితే అక్క అందరికంటే ముందు నాకే వడ్డిస్తుంది. "నా సంసారం నిలబెట్టావురా" అంటుంది. కాదని చెప్పి చెప్పి విసిగిపోయాను. ఇప్పుడు తలవంచుకుని తినేస్తున్నాను.

వాళ్ళకి తూర్పు అని చెప్పిందెవరో నాకు ఈరోజుకీ తెలీదు. ఆ గొంతు ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఏం జరిగేదో మాత్రం తెలుసు. నేను బటన్ నొక్కి, పడమర అని చెప్పేవాణ్ణి.