రొద్దం దగ్గర చేలో దిగిన రోజు

నాది హిందూపురం. నాకు గ్లైడర్ నడపడం నేర్పిన సారుది ధర్మవరం. ఆరేళ్లు ఆయన వెనక సీట్లో, నేను ముందు సీట్లో ఎగిరాం.

ఆ మధ్యాహ్నం పెనుకొండ దాటేసరికి మబ్బు కమ్మింది. మమ్మల్ని పైకి మోసే వేడిగాలి ఆగిపోయింది. గ్లైడర్‌కు ఇంజన్ ఉండదు, గాలి లేకపోతే దిగడమే. ఎయిర్‌స్ట్రిప్ అందదని తేలిపోయింది. సారు కంట్రోల్ తీసుకున్నారు.

"ఆ ఎర్రచేను ఖాళీగా ఉండాది. ఆడ దిగుదాం."

ఎత్తు వేగంగా తగ్గుతోంది. పైనుంచి తీగలు కనబడవు, కంబాలు వెతుక్కోమని నేర్పింది ఆయనే. వెతికాను. చేనుకు ఈవల వరసగా కరెంటు కంబాలు.

"సార్, తీగలుండాయి!"

"యాడ? ఏం లేవు."

గ్లైడర్ నేరుగా వాటి మీదికే పోతోంది. "కంట్రోల్ నాది" అన్నాను. ఆయనతో ఆ మాట అనడం అదే మొదలు. ఎడమకు తిప్పి పక్కనున్న చెనక్కాయ చేలో దించాను. చక్రం పైరును చీల్చుకుంటూ పోయి ఆగింది.

కలుపు తీస్తున్న ఒక అవ్వ పరుగున వచ్చింది. "ఏమప్పా, ఇంజన్ చెడిపోయిందా?"

"దీనికి ఇంజనే లేదవ్వా."

"మరి ఏం నమ్ముకోని ఎక్కినారప్పా?" అంటూ చెంబుతో నీళ్లిచ్చింది. నలిగిన సాళ్లను చూసి, "పోతే పోనీ, మీరు బాగుండారు" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

సారు నీళ్లు తాగలేదు. నడుచుకుంటూ పోయి తీగల కింద నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు పైకి చూశారు.

ఆయన తిరిగి రాగానే, "వెనక సీటు కదా సార్, రెక్క అడ్డమొచ్చింటాది" అన్నాను.

"అబద్ధాలు చెప్పొద్దబ్బా. ఏడాదిగా నాకు చూపు సరిగ్గా లేదు."

ఏడాదిగా! ఆ ఏడాదంతా ఎంతమందిని ఎక్కించుకున్నారో తలుచుకుంటే ఒళ్లు మండింది. గ్లైడర్‌ను తీసుకుపోయే ట్రైలర్ వచ్చేదాకా గట్టు మీద పక్కపక్కనే కూర్చున్నాం.

మరుసటి రోజే ఆయన మా గ్లైడింగ్ క్లబ్బుకు నిజం చెప్పి ఎగరడం మానుకున్నారు. మూడు నెలల తర్వాత ధర్మవరం వెళ్లాను. తలుపు తీసి, "ఎవరప్పా?" అన్నారు. నేను మాట్లాడాకే గుర్తుపట్టారు. టీ ఇచ్చారు. ఈసారి వానలు పడలేదని చెప్పారు. ఎగరడం గురించి ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు.