క్రేను దిగని మా బావ

కంటి శుక్లానికి ఆపరేషన్ చేయాలంటే ముందు గుండె చూపించుకుని రమ్మన్నారని పోయిన వారం స్కానింగ్ గదిలో పక్కకి తిరిగి పడుకున్నాను. చల్లటి జిగురేదో రాసి, మీట లాంటిది పక్కటెముకల మధ్య ఆనించి, మా మనవరాలి వయసున్న పిల్ల తెర నావైపు తిప్పింది. "అమ్మమ్మగారూ, ఇదిగోండి మీ గుండెలో ఎడమవైపు కింది గది. ఎంచక్కా ముడుచుకుంటోంది" అంది. ముప్ఫై నాలుగేళ్ళు పెద్దాసుపత్రిలో నర్సుగా చేశాను. ఎంతమంది గుండె రోగులకి పక్కలు సర్దానో లెక్కలేదు గాని, నా గుండె గదిని నేను చూడడం అదే మొదటిసారి. అలాంటప్పుడు దేవుడు గుర్తుకు రావాలి. నాకు మా బావ గుర్తొచ్చాడు.

పోయినవాళ్ళ గురించి చెడు చెప్పకూడదంటారు. వాళ్ళతో వేగినవాళ్ళెవరూ ఆ మాట అనగా నేను వినలేదు. మా అప్ప మొగుడు ఆనందపురం అవతల ఊళ్ళో నాగలి వదిలేసి వచ్చి, డెబ్బైల మొదట్లో రేవులో క్రేను డ్రైవరయ్యాడు. అయ్యాక నేల మీద నడిచేవాళ్ళందరూ ఆయన కంటికి చీమలైపోయారు. పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా, నలభై ఎనిమిది మెట్ల నిచ్చెన, పైన అద్దాల గది, అందులో తన కుర్చీ, కొక్కేనికి వేలాడే ఇరవై టన్నుల బరువు, ఇదే పురాణం. ఓడ కెప్టెన్లు తనకి సలాము కొడతారనేవాడు. ఒక్క కెప్టెన్నయినా ఆయన దగ్గర నుంచి చూసి ఉంటాడని నేను అనుకోను. పైన పటారం లోన లొటారం అని మా అమ్మ ఊరికే అనలేదు. కాకపోతే ఆ లొటారం గుండెలోనే ఉందని అప్పటికి ఆవిడకీ తెలీదు.

ఆయన గొప్పల్లో అన్నిటికంటే నీచమైనది డబ్బా కథ. ఆయన చేరిన కొత్తలో పక్క క్రేను మీద జుట్టు ముందే నెరిసిన డ్రైవరు ఒకడు ఉండేవాడట. చక్కెర జబ్బు మనిషి, గంటకోసారి ఒంటికి పోవడానికి నిచ్చెన దిగి ఎక్కలేక ఒక ఖాళీ నూనె డబ్బా పైకి పట్టుకెళ్ళేవాడు. అది కనిపెట్టింది మా బావే. ఆ రోజు నుంచి ఆ పెద్దమనిషికి డబ్బా తాత అని పేరు పెట్టి, టీకొట్టు దగ్గర అందరూ ముక్కు మూసుకునేలా చేసి, చివరికి ఆయనంతట ఆయనే క్రేను వద్దని రాసిచ్చి, కింద నిలబడి డ్రైవరుకి చేత్తో సైగలు చేసే పనికి దిగిపోయేదాకా వదల్లేదు. ఈ కథ మా బావ అన్నం తింటూ చెప్పేవాడు. ఇంట్లో అందరూ నవ్వేవారు. నేను నవ్వలేదని చెప్పుకుందామనుంది గాని, మొదటి రెండు సార్లూ నవ్వాను.

ఎనభైల్లో, ఉక్కు కర్మాగారం ఉద్యోగాల కోసం మా చుట్టాలందరూ కాగితాలు పట్టుకుని తిరుగుతున్న రోజుల్లో, గోపాలపట్నంలోని వాళ్ళింటికి వచ్చినవాళ్ళంతా మా బావని చూసి ముచ్చటపడడం మొదలెట్టారు. "ఓలమ్మా, అల్లుడు ఎంత ఒళ్ళు సేసినాడే! రేవు తిండంటే మరేటనుకున్నావు!" అని మా మేనత్త బుగ్గలు నొక్కుకుంది. ఆ ఒళ్ళు కాళ్ళ దగ్గర మొదలై మోకాళ్ళ దాకా వచ్చిందని, చెప్పులో పాదం పట్టడం లేదని, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక పగలు కూడా పడక్కుర్చీలో కూర్చునే కునుకు తీస్తున్నాడని ఒక్కరికీ పట్టలేదు. మా వాళ్ళకి మనిషి లావెక్కితే లక్ష్మి వచ్చినట్టే. నేను వంగి ఆయన కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కాను. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. అది కండ కాదు, నీరు.

ఆస్పత్రికి ఈడ్చుకెళ్ళాను. ఎక్స్‌రేలో గుండె సొరకాయంత కనిపించింది. ఇప్పటి తెరలు అప్పుడు మా వార్డులో లేవు. చెవి, వేలు, ఎక్స్‌రే, అంతే. అయినా మా డాక్టరుగారికి సంగతి తెలిసిపోయింది. ఎడమవైపు కింది గది సాగిపోయి బలంగా నెట్టలేకపోతోందనీ, ముందుకి పోవాల్సిన రక్తం వెనక్కి నిలబడి ఊపిరితిత్తుల్లోకీ కాళ్ళలోకీ నీరు ఊరుతోందనీ ఓపిగ్గా చెప్పారు. ఉప్పు తగ్గించాలి, పొద్దున్నే నీళ్ళ మాత్ర వేసుకోవాలి, వేసుకున్నాక మధ్యాహ్నం దాకా పదిసార్లయినా ఒంటికి పోవాల్సి వస్తుంది. "ఏం పని చేస్తారు?" అని అడిగారు. "కుర్సీలో కూకునే పనే బాబూ" అన్నాడు మా బావ, మేకపోతు గాంభీర్యంతో. గుమాస్తా అనుకుని డాక్టరుగారు తల ఊపారు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడే నోరు విప్పాల్సింది. బావ పరువు తీయకూడదని ఊరుకున్నాను.

నెల తిరిగేసరికి లెక్క తెలిసిపోయింది. సెలవు రోజు సాయంత్రం వెళితే కాళ్ళు మామూలుగా ఉండేవి. డ్యూటీ రోజుల్లో వెళితే మళ్ళీ స్తంభాలు. అంటే మాత్ర సెలవు రోజు మాత్రమే పని చేస్తోందన్నమాట, దానికి వారానికి ఒక్కరోజే డ్యూటీ అయినట్టు! మా అప్ప పాపం రోజూ పొద్దున్న మాత్ర ఆయన చేతిలో పెట్టి, నీళ్ళిచ్చి, మింగేదాకా నిలబడేది. ఆయన నాలిక కింద పెట్టుకుని బస్టాపు దగ్గర ఉమ్మేసేవాడు. "మాత్ర ఏసుకుంటన్నావా బావా?" అంటే, "ఏసుకుంటన్నాన్లేయే. ఆస్పత్రిలో సాలక ఇంట్లోకూడా నర్సువేటి నువ్వు?" అని ఎగిరాడు. ఎందుకు ఉమ్మేస్తున్నాడో నాకు చెప్పక్కర్లేదు. పదిసార్లు నిచ్చెన దిగలేడు. దిగకుండా ఉండాలంటే డబ్బా ఒక్కటే దారి. ఆ దారిలో తన చేత్తో తనే ముళ్ళు పరిచి పెట్టుకున్నాడు. గుండె ఆగిపోయినా ఫరవాలేదు గాని ఎవరూ ముక్కు మూసుకోకూడదు. ఇంత తెలివితక్కువ కారణానికి ప్రాణం మీదికి తెచ్చుకున్న రోగిని నా సర్వీసులో మరొకర్ని చూడలేదు.

ఒకరోజు మధ్యాహ్నం వార్డు గుమ్మంలో ఒక ముసలాయన నా కోసం అడిగాడు. సన్నగా, ఖాకీ చొక్కాతో, తువ్వాలు చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. రేవులో సైగలు చేసే పని అన్నాక తెలిసింది, ఎవరో కాదు, డబ్బా తాత. "అమ్మా, ఆడి మీద పాత పగతో ఒచ్చినానని అనుకోకు. నిన్న లోడు గాల్లో ఉంది. కింద ఆరుగురం ఉన్నాం. దించమని నాను సెయ్యూపుతన్నాను, కొక్కెం కదల్లేదు. పైకి సూస్తే ఆడి తల పక్కకి వాలిపోనాది. సేపటికి లేసి మళ్ళీ దించినాడనుకో. ఎవుడికీ సెప్పొద్దన్నాడు. నాను ఎవుడికీ సెప్పలేదు, నీకే సెప్తన్నాను" అన్నాడు. మంచినీళ్ళిస్తే తాగి వెళ్ళిపోయాడు. ఆయనకి చక్కెర జబ్బు ఎలా ఉందని కూడా నేను అడగలేదు.

అప్పతో చెప్పాను. "డాక్టరుగారికి సెప్పకే. కేను దించేస్తే ఈ మనిసి బతకడు" అని నా చేతులు పట్టుకుంది. "దించకపోతే బతుకుతాడేటి అప్పా? కిందున్న ఆరుగురూ?" అన్నాను. అది ఏడ్చింది. మర్నాడు డాక్టరుగారికి ఆ కుర్చీ ఎక్కడుంటుందో, దాని కింద ఎవరు నిలబడతారో చెప్పాను. ఆయన వెంటనే కాగితం రాశారు. పది రోజుల్లో మా బావని క్రేను దించి, సామాను గదిలో చేతితొడుగులు, టోపీలు పంచే పనిలో వేశారు. గది పక్కనే మరుగుదొడ్డి. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. నన్ను చూసి ఆగాడు. "నా పరువు తీసినావు. ఇక నీకూ నాకూ మాటల్లేవు" అన్నాడు.

క్రేను పోయిందనే ఆ మాట అన్నాడని అందరూ అనుకున్నారు. నేనూ చాలా కాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. కాని ఆ గుమ్మంలో ఆయన చూసింది నా మొహం. అందులో దిగులు లేదు. నేను చేసింది ప్రాణం కాపాడే పనే, మళ్ళీ చేయమన్నా చేస్తాను, కాని తల దించుకుని వస్తున్న ఆ మనిషిని చూస్తే నాకు సంతోషం వేసింది. టీకొట్టు దగ్గర నవ్వినవాళ్ళకీ నాకూ ఆ నిమిషంలో తేడా లేదు. ఎగతాళి చేయడంలో ఆరితేరిన మనిషికి ఎగతాళిని గుర్తుపట్టడం రాదా?

మాత్ర ఇక నాలిక కింద దాచాల్సిన పని లేదు గనక మింగాడు. నీరు లాగేసింది, కాళ్ళు సన్నబడ్డాయి, దవడ ఎముకలు బయటపడ్డాయి. ఊపిరి తిన్నగా ఆడి రెండు దిండ్ల మీద పడుకోగలిగాడు. ఒళ్ళు చేశాడని మురిసిన మా మేనత్తే వచ్చి, "అయ్యో, ఎలగ సిక్కిపోనాడో సూడండి! కేను మీది దిగులు. అంతా ఈ నర్సమ్మ సేసిందే" అని నా వైపు చూసి మూతి విరిచింది. జబ్బుగా ఉన్నప్పుడు దిష్టి తీసి, నయమవుతున్నప్పుడు ఏడ్చే ఈ జనానికి వైద్యం చేయడం కంటే గేదెల్ని కాచుకోవడం నయం.

ఆ తర్వాత ఆయన నాలుగేళ్ళు బతికాడు. ఆ గుండెకీ, ఆ రోజుల్లో ఉన్న మందులకీ అది ఎక్కువే. ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని, ఒక కాలు మాత్రం నా వైపు చాపేవాడు. నేను చూసి ఉప్పు సంగతి అప్పతో చెప్పేదాన్ని. "ఆవిడికి టీ ఇయ్యి" అని ఆయనా అప్పతోనే చెప్పేవాడు. ఆయనకి పొగరని తిట్టుకుంటూ ఆ టీ తాగి వచ్చేసేదాన్ని. నా పొగరుకి నేను పౌరుషమని పేరు పెట్టుకున్నాను. "బావా, ఆ రోజు నేను సంతోషించాను, తప్పయింది" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక బుధవారం నేను డ్యూటీలో ఉండగా కబురొచ్చింది. నాలుగేళ్ళంటే రెండు వందల పైచిలుకు ఆదివారాలు, వాటిలో ప్రతిదాన్నీ వచ్చే ఆదివారం ఉందిలే అన్న ధీమాతోనే గడిపేశాను.