మిషనుకు నచ్చని ఎత్తు

తొంభైల చివర్లో, హైస్కూల్లో ఉండగా, డివిజను చదరంగం జట్టులో చివరి చోటు కోసం ఒక ఆట ఆడాను. యలహంకలో మా పక్క వీధి బడిలోనే పోటీ. ఎదుటి అమ్మాయిది దొడ్డబళ్ళాపురం. మగ్గం నేసే వాళ్ల నాన్న తోడొచ్చాడు. ఆట తేలకముందే భోజనాలకు ఆపారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లు హోటల్లో తినడమేమిటని అమ్మ ఇద్దరినీ మా ఇంటికి పిలుచుకొచ్చింది.

అమ్మ తమ్ముడు, మా మామ, మాతోనే ఉండేవాడు. బ్రూక్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆట ఎక్కడ ఆగిందో చూసొచ్చి, ఇంట్లో ఉన్న కంప్యూటర్లోని చదరంగం ప్రోగ్రాములో పావులన్నీ అలాగే పేర్చేశాడు. వంటింట్లోకి వచ్చి నా చెవిలో, "గెలిచే దారి ఉండాదేమో దాన్ని అడిగి చెప్పేదా?" అన్నాడు. నాకు వినాలనే ఉంది.

సంగటి కెలుకుతున్న అమ్మకు వినబడింది.

"ఏమిరా, పిలిచి అన్నం పెడతా వెనకనించి గొయ్యి తవ్వుతావా? పోయి ఆర్పు దాన్ని!"

"రూల్సులో వద్దని లేదక్కా."

"అన్నానికొచ్చినోళ్ల ముందర నాకు రూల్సు చెప్పొద్దు."

మామ ఆర్పేశాడు. కానీ అంతలోపే, చేతులు కడుక్కోవడానికి లేచిన ఆ అమ్మాయి తెర మీద మా ఆటను చూసేసింది. వచ్చి కూర్చుంది గానీ సరిగ్గా తినలేదు. చారు కూడా వేయించుకోలేదు.

మధ్యాహ్నం నేను ఒక బంటును ముందుకు తోసి, కాసేపటికి గెలిచాను. ఆమె చెయ్యి కలపలేదు.

"మీ మామ చెప్పినాడా?"

లేదని తల ఊపాను. ఒట్టు పెట్టినా ఆమె ఎందుకు నమ్మాలి? చోటు దక్కింది గానీ దొంగసొత్తు పట్టుకున్నట్టు ఉండింది.

"మిషన్నే అడుగుదాం పదప్పా," అన్నాడు వాళ్ల నాన్న, ఆట చూడ్డానికి వచ్చిన మామతో.

మళ్లీ మా ఇంటికే వెళ్లాం. మామ ఆట పేర్చి, నా బంటును జరిపాడు. మిషను వెంటనే అవతలి గుర్రాన్ని దూకించింది. కాసేపటికే నా రాణి పోయింది.

ఆ అమ్మాయి తెరనీ నన్నూ చూసి పకపకా నవ్వింది. "ఇంత చెడ్డ ఎత్తు మిషను చెప్పిండదులే!"

"చెడ్డదైతే నువ్వెందుకు పట్టుకోలేదమ్మీ?" అన్నాడు వాళ్ల నాన్న.

బస్టాండు దాకా ఆ గుర్రం గురించే మాట్లాడుకుంటూ నడిచాం. కొత్తవాళ్లతో నేను అంతసేపు మాట్లాడడం అదే మొదలు. అమ్మ కేకేయకపోయుంటే, మామ చెప్పేది వినేదాన్నే. ఇంకా మంచి ఎత్తే వేసేదాన్ని. ఆ అమ్మాయి పక్కన మాత్రం అలా నడవగలిగేదాన్ని కాదు. అమ్మకు ఈ మాట ఇంకా చెప్పలేదు.