ముత్తమ్మకు ఇవ్వొద్దన్న నలభై ఎనిమిది అంకెలు

2009 వానాకాలం. కొత్తగూడెంలో కంప్యూటర్ సర్వీసింగ్ చేస్తున్న రోజులు. భద్రాచలం అవతల అడవి పల్లెల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బుకు పరీక్షలు చేసే ఒక సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. ల్యాప్‌టాప్ తెరుచుకోవడం లేదట. బస్సెక్కి గోదావరి దాటి వెళ్లాను.

అక్కడి ఆరోగ్య కార్యకర్త ముత్తమ్మ, ఆ గూడేల్లోనే పుట్టిన కోయ మనిషి. రెండేళ్లు తిరిగి, బతిమాలి చేయించిన రక్తపరీక్షల ఫలితాలన్నీ ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. జబ్బు సంగతి బయటికి పొక్కితే పెళ్లి సంబంధాలు చెడతాయని డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశారు, తాళం లేనిదే ఎవరూ చదవలేకుండా. మంచిదే. కాగితం రిజిస్టర్లు కాల్చేయించారు. అదీ సరే అనుకుందాం.

నా ఒళ్లు మండింది ఆ తర్వాతి సంగతికి. సంస్థ హైదరాబాద్ ఆఫీసు నుంచి, యంత్రాన్ని నిద్రలేపే బయోస్ అనే ప్రోగ్రామ్‌కు అప్‌డేట్ సీడీ వచ్చింది, శనివారంలోగా వేయాలన్న చీటీతో. ఆమె వేసింది. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర రికవరీ కీ అడిగింది, అంటే అసలు తాళంచెవి పనిచేయనప్పుడు కొట్టాల్సిన మారు అంకెలు.

టీపీఎం అని మదర్‌బోర్డు మీద చిన్న చిప్పు ఉంటుంది. డిస్కు తాళంచెవిని తన లోపలే సీలు చేసుకుంటుంది. బయోస్ మొదలు అంతా సీలు వేసిన నాటిలాగే కనిపిస్తేనే తాళంచెవి ఇస్తుంది. అందుకే అప్‌డేట్‌కు ముందు ఆ రక్షణను సస్పెండ్ చేయాలి, అంటే కాసేపు ఆపాలి. ఆ ఒక్క ముక్క చీటీలో లేదు.

"నాలుగు రోజులల్ల డాక్టర్లొస్తరు సారూ," అంది ముత్తమ్మ. "జబ్బున్నోళ్లను నేనే తోలుకరావాలె. మళ్ల సూది గుచ్చుతనంటే, మొదటి రక్తం ఏం జేసినవని అడుగుతరు. ఇగ నన్ను గడప తొక్కనియ్యరు."

హైదరాబాద్ మేనేజర్‌కు ఫోన్ చేశాను.

"ఫీల్డ్ స్టాఫ్ చేతికి కంప్యూటర్ ఇస్తే ఇంతేనండి. టీపీఎం క్లియర్ కొట్టేయండి, ఫ్రెష్‌గా వచ్చేస్తుంది."

"క్లియర్ కొడితే తాళంచెవే ఉండదు సార్. రికవరీ కీ ఎక్కడ?"

"సేవ్ చేశాంగా. ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది."

బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసిన మహానుభావుడు, చెప్పినట్టు చేసిన మనిషిని తప్పుపడుతున్నాడు! నోరు జారేలోపు ఫోన్ పెట్టేశాను.

చిప్పు ఇంకా పాత బయోస్ కోసమే చూస్తోంది. ఆ మోడల్ పాత వెర్షన్ నా షాపు సీడీల్లో ఉంది. మర్నాడు తెచ్చి వెనక్కి మార్చాను. అయినా కీ అడిగింది!

ముత్తమ్మ యంత్రం పక్కన చెవి పెట్టింది. "ముందుగాలైతే ఆన్ జేయంగనే సీడీ పెట్టె గిర్రుమనేది సారూ. ఇప్పుడంటలేదు."

నేను చూడాల్సింది ఆమె విన్నది. అప్‌డేట్ బూట్ ఆర్డర్‌ను, అంటే యంత్రం ముందుగా ఏ డ్రైవు చూడాలన్న వరుసను మార్చేసింది. సీడీ డ్రైవును మళ్లీ వరుసలో మొదట పెట్టాను. డిస్కు తెరుచుకుంది.

పేర్ల జాబితా రాగానే ఆమె తెరకు రెండు చేతులు అడ్డం పెట్టింది. "జర అటు తిరుగుండ్రి సారూ."

తిరిగాను. తర్వాత రక్షణ సస్పెండ్ చేసి, హైదరాబాద్ నుంచి వచ్చిన అదే సీడీ వేసి, రక్షణను మళ్లీ ఆన్ చేశాను. పావుగంట పని. రికవరీ కీ నలభై ఎనిమిది అంకెలు రెండు కాగితాల మీద రాశాను, ఒకటి ఆఫీసుకు, ఒకటి ముత్తమ్మకు. మేనేజర్ ఫోన్‌లో ఒప్పుకోలేదు. ఫీల్డ్ స్టాఫ్ దగ్గర కీ ఉండకూడదట, సెక్యూరిటీ అట.

ఆ మాట చెబితే ముత్తమ్మ నా వంక సూటిగా చూసింది. "గింతమంది గుట్టు కడుపుల దాసుకున్న. గీ అంకెలు దాసలేనా?"

కాగితం ఆమె చేతిలోనే పెట్టి వచ్చాను. అప్పటినుంచి, కీ ఎక్కడుందో కళ్లారా చూడందే ఏ బయోస్‌నూ ముట్టుకోను. అది రోజూ ఆ యంత్రంతో పనిచేసే మనిషి దగ్గర కూడా ఉండాలంటాను. కుదరదన్న ప్రతి మేనేజర్‌తోనూ ఇప్పటికీ కొట్లాడతాను.